తడి అచ్చు

ఇప్పుడు ఏ బడికి వెళ్ళినా ప్రాజెక్టు అనే మాట వినిపిస్తుంది. మా రోజుల్లో ప్రాజెక్టు అంటే నది మీద కట్టేది. విశాఖపట్నంలోనైతే, ఎప్పుడో రాబోతుందని అందరూ చెప్పుకునే ఉక్కు ఫ్యాక్టరీ. అయిదో తరగతి పిల్లలు అగ్గిపెట్టెలతో, కొబ్బరి చిప్పలతో చేసేదాన్ని కూడా ప్రాజెక్టు అంటారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పని మాత్రం డెబ్బైల మొదట్లోనే మా బడిలో జరిగేది. దాన్ని మొదలుపెట్టింది మా క్రాఫ్టు టీచరుగారు. ‘చెప్పుకునే శనివారం’ అనేవారు ఆవిడ.

పిల్లల ప్రదర్శనలకు ఈమధ్య నన్నూ పిలుస్తున్నారు. పెద్దదాన్నని ముందువరసలో కుర్చీ వేస్తారు. నేను కూర్చోను. పిల్లల వెనకాల తిరుగుతూ ఉంటాను. ‘ఎందుకు మేడమ్, కాళ్ళు నొప్పెడతాయి’ అని కుర్ర టీచర్లు ఒకరిద్దరు అడిగారు. అక్కడ నిలబడి చెప్పే సంగతి కాదు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

అప్పుడు నాది మల్కాపురంలో ఒక ప్రాథమిక పాఠశాల. పెంకుల కప్పు, పొడుగాటి వరండా. ఒకటో తరగతి నాది. పోర్టు కలాసీల పిల్లలు, ఆయిల్ కంపెనీలో పనిచేసేవాళ్ళ పిల్లలు, సముద్రం వైపున్న పేట నుంచి జాలర్ల పిల్లలు వచ్చేవారు. గాలి ఇటు తిరిగితే ఆయిల్ వాసన, అటు తిరిగితే ఎండుచేపల వాసన. కొత్తలో ముక్కు మూసుకున్నాను. తరవాత సెలవుల్లో ఊరెళ్తే ఆ రెండూ లేక ఏదో వెలితిగా ఉండేది.

క్రాఫ్టు టీచరుగారు నాకంటే బాగా పెద్ద. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం చర్చి, మిగతా రోజులన్నీ బడి. అక్కని పిలిచినట్టు నేను ‘అప్పా’ అని పిలిచేదాన్ని. మా అందరికీ సిలబస్ అయిపోవాలని బెంగ. ఆవిడ బెంగ వేరు. పెద్ద తరగతి పిల్లలకి ఒకరికి చెప్పడం రాదే అని.

‘‘మనకి పాఠం అప్పజెప్పడం వచ్చు వీళ్ళకి. ఎదుటివాడికి చెప్పడం రాదు. చిన్నపిల్లలకి చెప్పమను, చచ్చినట్టు వస్తుంది. వాళ్ళకి అర్థం కాకపోతే లేచి వెళ్ళిపోతారు, మనలాగ తలూపరు’’ అనేవారు.

నెలలో ఒక శనివారం మధ్యాహ్నం అయిదో తరగతి పిల్లలు తాము చేసిన వస్తువుతో వరండాలో చాప మీద కూర్చునేవారు. ఒకటి, రెండు తరగతుల పిల్లలు గుంపులుగా వాళ్ళ ముందు కూర్చునేవారు. టీచర్లు నోరెత్తకూడదు, అదొక్కటే నియమం. ఒకమ్మాయి గవ్వలతో పెళ్ళికూతుర్ని చేసేది. ఒకడు వెదురు బద్దలతో లైట్‌హౌస్ కట్టి, టార్చిలైటు బల్బు పెట్టి, ‘ఇది ఆరిందంటే పడవలన్నీ రాళ్ళమీదకి వచ్చీత్తాయి’ అని భయపెట్టేవాడు. చిన్నవాళ్ళు అడిగే ప్రశ్నలకి మాకు నవ్వాగేది కాదు. వాళ్ళకి మాత్రం అవి చాలా పెద్ద ప్రశ్నలు.

ఆ ఏడాది అయిదో తరగతిలో పేట నుంచి వచ్చే కుర్రాడొకడు ఉన్నాడు. తరగతిలో ప్రశ్న అడిగితే లేచి నిలబడేవాడు, అంతే. నేలచూపులు చూస్తూ, కూర్చోమని చెప్పేదాకా కూర్చునేవాడు కాదు. మొద్దు అని మేష్టర్లు తీసిపారేశారు. వాడి తాత వలలకి కట్టే సీసం గుళ్ళు పోసేవాడు. గరిటెలో సీసం కరిగించి అచ్చులో పోయడం వాడికి పాలు కాచినంత మామూలు విషయం. ఒకరోజు క్రాఫ్టు టీచరుగారికి చూపించడానికి చిన్న సీసం చేప ఒకటి తెచ్చాడు. తనే మట్టితో అచ్చు చేసి, కాల్చి, అందులో పోశాడట. పొలుసులు, కన్ను, తోక మడత కూడా కనిపిస్తున్నాయి.

‘‘ఇది చిన్నపిల్లల ముందు పోసి చూపిస్తావురా?’’ అని అడిగారావిడ.

‘‘సూపిత్తాను టీచర్’’ అన్నాడు. ఆ బడిలో వాడు వెంటనే జవాబు చెప్పిన ప్రశ్న అదొక్కటే అనుకుంటాను.

నిప్పుతో వ్యవహారం కాబట్టి ఆవిడ హెడ్మాస్టరుగారిని అడిగారు. ‘‘ఫ్యాక్టరీ మన బడిలోనే మొదలెట్టేస్తారా ఏటి?’’ అని ఆయన నవ్వి సరేనన్నారు. కాగితం మీద ఏమీ రాసుకోలేదు. అప్పట్లో అటువంటివి ఎవరూ రాసుకునేవారు కాదు.

ముందు శనివారం పిల్లలెవరూ లేకుండా ఒకసారి చేయించి చూశారు. నేనూ పక్కనే ఉన్నాను. వరండా చివర, గాలి తగిలేచోట బొగ్గుల కుంపటి పెట్టాడు. ఇటుక మీద అచ్చు పెట్టాడు. దాని గుంటలో కిరసనాయిలు దీపం మసి పట్టించాడు. ‘‘మసి ఉంటే సీసం అంటుకోదు టీచర్. అచ్చు బాగా ఆరుండాల. సెమ్మ తగిలితే సీసం ఎగిరిపోద్ది’’ అన్నాడు. గరిటెలో సీసం మెల్లగా వెండిలా మెరిసింది. సన్నటి ధారగా వంచాడు. కాసేపాగి అచ్చుని తిరగేసి తట్టాడు. చేప పడింది. మాట రాని మొద్దు అనుకున్నవాడు అంతసేపూ మాట్లాడుతూనే ఉన్నాడని మాకు అప్పుడు తట్టింది.

క్రాఫ్టు టీచరుగారు కుంపటి చుట్టూ సుద్దతో గీత గీశారు. చిన్నపిల్లలు గీత దాటకూడదు. తను మాత్రం వాడి పక్కనే కూర్చుంటానన్నారు.

నా తరగతిలో ఒక పాప ఉండేది. తండ్రి కంపెనీలో గుమాస్తా. ఆ పాపకి శుభ్రం పిచ్చి. తన పలక తుడుచుకోవడం అయిపోతే పక్కవాళ్ళ పలకలు కూడా తుడిచేసేది. అందుకోసం ఒక తడిగుడ్డ ఎప్పుడూ చేతిలోనే. సీసం చేపని చూసినప్పటినుంచీ ఆ కుర్రాడి వెనకే తిరిగేది. ‘అన్నయ్యా, మొదటి చేప నాకే’ అని వాడిచేత ఒట్టు వేయించుకుంది.

ఆ శనివారం అంతా బాగానే మొదలైంది. కుంపటి రాజుకుంది. పిల్లలు గీత అవతల గొంతుక్కూర్చున్నారు. కుర్రాడు పెద్దమనిషిలా ‘‘గాలొస్తాది, ఎనక్కి జరగండి’’ అంటున్నాడు. ఇంతలో వార్డులో పలుకుబడి ఉన్న పెద్దమనిషి ఒకాయన బడికి వచ్చారు. హెడ్మాస్టరుగారు గుమ్మంలోంచి కేకేశారు.

‘‘టీచరుగారూ, ఒక్కసారి ఇలా రండి. మీ శనివారం సంగతి అయ్యగారికి మీరే చెప్పండి.’’

‘‘సీసం పోసేశాక వస్తానండి’’ అన్నారావిడ.

‘‘ఒక్క నిమిషమేనమ్మా. ఆయన నిలబడే ఉన్నారు.’’

ఆవిడ లేచారు. ‘‘నేనొచ్చేదాకా పొయ్యకు’’ అని కుర్రాడికి చెప్పి వెళ్ళారు. నేను వరండా ఆ చివర ఉన్నాను. గవ్వల పెళ్ళికూతురి మెడ విరిగిపోయిందని ఇద్దరు పిల్లలు జుట్లు పట్టుకుంటే విడదీస్తున్నాను. ఆ నిమిషం నిమిషంతో అవలేదు. గరిటెలో సీసం కరిగిపోయింది. ఎక్కువసేపు నిప్పు మీద ఉంటే పైన తెట్టు కడుతుంది, చేప సరిగ్గా రాదు. వాడు గుమ్మం వైపు చూశాడు. పిల్లలు ‘పొయ్యన్నయ్యా, పొయ్యి’ అంటున్నారు. పోశాడు.

చుయ్యిమని చప్పుడైంది. నేను తల తిప్పేసరికి సీసం తుంపరలుగా పైకి లేస్తోంది. ఆ పాప గీత దాటి అచ్చు దగ్గరే కూర్చుని ఉంది. కుర్రాడు గరిటె వదిలేసి కుడిచెయ్యి పాపకి అడ్డం పెట్టాడు. నా కళ్ళతో చూశాను. ఒక బొట్టు మాత్రం దాటిపోయి పాప చెవి కింద మెడమీద పడింది. మిగిలిందంతా వాడి చేతిమీద పడింది.

రోడ్డు మీద వెళ్తున్న లారీని ఆపి ఇద్దర్నీ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. పాప దారంతా ఏడ్చింది. కుర్రాడు ఏడవలేదు. పళ్ళు బిగబట్టి లారీ చెక్క వైపు తిరిగి కూర్చున్నాడు.

పాప మెడ మీది గాయం మానింది, మచ్చ మిగిలింది. కుర్రాడి వేళ్ళు రెండు లోపలికి ముడుచుకుపోయి మళ్ళీ చాచుకోలేదు.

పాప తండ్రి సోమవారం పొద్దున్నే బడికొచ్చాడు. నెమ్మదైన మనిషి. ఆ రోజు కుర్చీ వేసినా కూర్చోలేదు. ‘‘కన్ను పోయుంటే ఎవరిదండీ జవాబుదారీ? బడికి పంపించేమా, కొలిమికి పంపించేమా?’’ అని అడిగాడు. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు.

విచారణకి పైనుంచి ఒక అధికారి వచ్చారు. ‘‘పిల్లల మధ్య నిప్పు పెట్టమని ఎవరు చెప్పారు?’’ అని అడిగారు.

‘‘నేనే’’ అన్నారు క్రాఫ్టు టీచరుగారు.

‘‘ఆ సమయంలో మీరక్కడ ఎందుకు లేరు?’’

ఆవిడ హెడ్మాస్టరుగారి వైపు చూడలేదు. ‘‘ఉండవలసింది. లేను’’ అన్నారు. ‘ఆవిడని పిలిచింది నేనే’ అని హెడ్మాస్టరుగారు చెప్తారని ఎదురుచూశాను. ఆయన బల్లమీది పేపర్‌వెయిట్‌ని గుండ్రంగా తిప్పుతూ ఉండిపోయారు. చెడ్డమనిషి కాదు. ముగ్గురు ఆడపిల్లల తండ్రి, ఉద్యోగానికి భయపడే మనిషి. నేను ఉండబట్టలేక, పిలిస్తేనే వెళ్ళారండీ అన్నాను. ‘మిమ్మల్ని అడిగినప్పుడు చెప్పండి’ అన్నారు అధికారి. నన్ను అడగనేలేదు. ఆవిడకి ఎలమంచిలి అవతల ఒక పల్లెకి బదిలీ అయింది. చెప్పుకునే శనివారం ఆగిపోయింది.

కొన్నాళ్ళకి పాప మెడకి కట్టుతో బడికొచ్చింది. ఒకరోజు పలక తుడుస్తూ తుడుస్తూ నా దగ్గరికొచ్చి నిలబడింది.

‘‘టీచర్, అన్నయ్యకి నామీద కోపం వచ్చిందేటి?’’

‘‘ఎందుకమ్మా?’’

‘‘చేప ఇవ్వనేదు. అచ్చు నల్లగా మురిగ్గా ఉందని నానే తుడిసీసేను. కేఫ్టు టీచరు అటెల్లినాక, అన్నయ్య మంచినీళ్ళకి ఎల్లినప్పుడు. బాగా తుడిసేను టీచర్, ఎర్రగా వచ్చీసినాది.’’

పాప చేతిలోని తడిగుడ్డ వైపు చూశాను. బడి వదిలాక నేరుగా క్రాఫ్టు టీచరుగారి గదికి వెళ్ళాను. ఆవిడ ట్రంకు పెట్టె సర్దుకుంటున్నారు. చెప్పాను. రేపే పైకి రాసి పంపుదామన్నాను. ఆవిడ మంచం మీద కూర్చున్నారు.

‘‘రాసి ఏం చేస్తావు?’’

‘‘మీ తప్పు లేదని తెలుస్తుంది కదప్పా. ఆ కుర్రాడిది కూడా లేదని.’’

‘‘ఎవరిదని తెలుస్తుంది? ఆరేళ్ళ పిల్లది. అచ్చు శుభ్రంగా ఉండాలనుకోవడమే దాని తప్పు. దాన్ని తీసుకెళ్ళి అందరిముందూ నిలబెట్టి, నీవల్లే ఆ అన్నయ్య చెయ్యి పోయింది అని చెప్దామా? పెద్దయ్యేదాకా మోస్తుంది పిల్లా అది.’’

ఆవిడ మళ్ళీ సర్దుకోవడం మొదలుపెట్టి, చీర మడతపెడుతూ ఆగారు. ‘‘కుర్రాడికి మాత్రం చెప్పు. తన పొరపాటే అనుకుంటూ పెరగకూడదు వాడు. వాడొక్కడికే చెప్పు’’ అన్నారు.

ఆవిడ ఊరు వదిలిన ఆదివారమే నేను పేటకి వెళ్ళాను. గుడిసె చూరు కింద తాత వల బాగుచేస్తున్నాడు. కుర్రాడు ఎడంచేత్తో దారం అందిస్తున్నాడు. కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది. వాణ్ణి పక్కకి పిలిచి, మెల్లగా, ఎక్కడ బాధపడతాడో అని వెతుక్కుంటూ చెప్పాను. విని వాడు ఆశ్చర్యపోలేదు.

‘‘తెలుసు టీచర్. గరిటె వంచినప్పుడే సూసేను. అచ్చు నల్లగా ఉండాల, ఎర్రగా ఉన్నాది. అప్పటికే సీసం జారిపోనాది.’’

‘‘ఎవరు తుడిచారో కూడా తెలుసా?’’

‘‘గుడ్డ అక్కడే పడున్నాది కదండి.’’

‘‘మరి ఆ ఆఫీసరుగారికి ఎందుకు చెప్పలేదురా?’’

‘‘సెప్తే ఆల్ల నాన్న కొడతాడు కదేటి.’’ తాత వైపు ఒకసారి చూసి, ‘‘మీరూ సెప్పకండి టీచర్. పాపకి అసలు సెప్పకండి’’ అన్నాడు.

బడికి రమ్మన్నాను. పరీక్ష నోటితో చెప్పించి పాస్ చేయిస్తానని కూడా అన్నాను. వాడి తల్లి లోపల్నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ‘‘రాయడానికి సెయ్యేదీ టీచరమ్మా? తాడు లాగడానికైతే ఒక సెయ్యి సాలు. అయినా ఈదిలో ఆడు కనబడితే పిల్లల్ని లోపలికి లాగేసుకుంతన్నారు. ఆ బడికి మరేటి ఎల్తాడు?’’ అంది. ఆ తరవాత కూడా వెళ్ళాను. ఒకసారి వేటకి వెళ్ళాడన్నారు. ఇంకోసారి ఉండికూడా బయటికి రాలేదు.

క్రాఫ్టు టీచరుగారు ఆ పల్లెలో రిటైరయ్యేదాకా పనిచేశారు. ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. పిల్లలు వరసగా కూర్చుని బుట్టలు అల్లుతున్నారు. చక్కగా అల్లుతున్నారు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పడం లేదు. ‘‘ఇక్కడ శనివారం పెట్టలేదా అప్పా?’’ అన్నాను. ‘‘ధైర్యం లేదు’’ అన్నారావిడ. అంత మాట ఆవిడ నోటినుంచి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. ఇంకొన్నేళ్ళకి ఆవిడ పోయారని ఆలస్యంగా తెలిసింది.

ఎనభైల చివరికి నేను సీతమ్మధార దగ్గర ఒక బడిలో హెడ్మిస్ట్రెస్‌ని. ఉక్కు ఫ్యాక్టరీ నిజంగానే లేస్తోంది. ఎక్కడెక్కడి ఊళ్ళనుంచో కుటుంబాలు దిగుతున్నాయి. తరగతుల్లో ఒకరి మాట ఒకరికి తెలియని పిల్లలు. వీళ్ళని కలపడానికి చెప్పుకునే శనివారం ఉంటే ఎంత బాగుండును అని అనిపించేది.

ఆ ఏడాది టీచర్ ట్రైనింగ్ పిల్లలు కొందరు మా బడికి ప్రాక్టీసుకి వచ్చారు. అందులో ఒకమ్మాయి చాలా శుభ్రంగా, పొందిగ్గా ఉంటుంది. జడ ఎప్పుడూ ఒకవైపే వేసుకుంటుంది. హాజరుకి పేరు పిలుస్తుంటే మల్కాపురం పాప ఇంటిపేరు తగిలింది. ఆ అమ్మాయి నన్ను గుర్తుపట్టలేదు. ఒకటో తరగతి టీచర్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఏమీ ఎరగనట్టు, అయిదో తరగతి పిల్లలచేత ఏవైనా చేయించి చిన్నపిల్లలకి చూపిద్దామా అని ఆ అమ్మాయినే అడిగాను.

‘‘వద్దు మేడమ్. చిన్నప్పుడు మా బడిలో ఇలాంటిదే పెట్టారు. ఎవడో దుడుకు కుర్రాడు నిప్పుతో ఆటలాడి నామీద సీసం పోసేశాడు.’’ జడ పక్కకి తీసి మచ్చ చూపించింది. ‘‘పొయ్యొద్దని టీచరు చెప్పినా వినలేదట. మా నాన్న ఇప్పటికీ చెప్తారు. పిల్లల్ని నమ్మకూడదు మేడమ్.’’

ఆ రాత్రి నాకు కుదురుగా నిద్రపట్టలేదు. పాపకి చెప్పొద్దని ఇద్దరు నన్నడిగారు. ఒకరు లేరు, ఇంకొకరు ఎక్కడున్నాడో తెలియదు. ఆ పిల్లకి బరువు ఉండకూడదని మేం అనుకున్నాం. ఆ ఖాళీలో ఎవడో దుడుకు కుర్రాడు వచ్చి కూర్చుంటాడని మాలో ఎవరికీ తోచలేదు. రేపు ఈ అమ్మాయి టీచరవుతుంది. తన తరగతిలో నేలచూపులు చూసే కుర్రాళ్ళు ఉంటారు.

మర్నాడు గదిలోకి పిలిచి అంతా చెప్పాను. చివరికి, ‘‘నాకేమీ గుర్తులేదు మేడమ్’’ అని, ‘‘చేతిలో చల్లగా ఏదో ఉండేది, అంతే’’ అంది. తరవాత ఏడ్చింది. ఏడవనిచ్చాను.

ఆదివారం ఇద్దరం పేటకి వెళ్ళాం. అడుగుతూ పోతే పడవ దగ్గర కనిపించాడు. నల్లగా, ఎత్తుగా ఎదిగాడు. ముడుచుకున్న వేళ్ళకే తాడు తగిలించుకుని లాగుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు. ‘‘టీచరమ్మా, ఏటి ఇలాగొచ్చేరు?’’ అన్నాడు. పక్కనున్న అమ్మాయిని గుర్తుపట్టలేదు. ఆ అమ్మాయి జడ తప్పించి మెడ చూపించింది.

వాడు చూపు తిప్పేసుకున్నాడు. ‘‘సెప్పీసేరా టీచరమ్మా’’ అన్నాడు నాతో.

‘‘అచ్చు తుడిచింది నేనేనట’’ అందా అమ్మాయి.

‘‘సిన్నపిల్ల తుడిత్తే ఏటవుతాది? పోసినోడు సూసుకోవాల. నాను సూసుకోనేదు, అంతే.’’ తాడు పక్కన పెట్టాడు. ‘‘బాగా సదువుకున్నారా?’’

‘‘టీచర్ని అవుతున్నాను.’’

అది వాడికి నచ్చింది. మొహం విప్పారింది. ‘‘మన కేఫ్టు టీచరుగారు ఎక్కడున్నారండి?’’ అని నన్ను అడిగాడు. చెప్పాను. పక్కన పెట్టిన తాడు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ‘‘నేనొచ్చేదాకా పొయ్యకు అన్నారు. ఆ మాట విననేదు నాను. ఒక్కసారి ఎదురుపడి సెప్పాలనుకునీవోన్ని’’ అన్నాడు.

శనివారం పెడదామని పట్టుపట్టింది ఇప్పుడు ఆ అమ్మాయే. తన ప్రాక్టీసు ముగిసేలోగా కావాలంది. నిప్పు వద్దు, వల అల్లడం చూపిస్తే చాలు, ఆయన్ని కూడా పిలుద్దాం అంది. వెళ్ళి పిలిచింది. వస్తానన్నాడట.

అనుకున్న శనివారం వచ్చింది. వరండా నిండా చాపలు. ఒరియా పిల్లవాడొకడు తాటాకు పిట్టని చేతులతోనే వివరిస్తుంటే చిన్నవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఒక చాప ఖాళీగా ఉంచాం. ఆ అమ్మాయి ఒక్కక్షణం కూడా కూర్చోలేదు, పిల్లల మీదనుంచి కళ్ళు తిప్పలేదు. గంట కొట్టేదాకా నేను గేటు వైపు చూస్తూనే ఉన్నాను.

వాడు రాలేదు.

పిల్లలు వెళ్ళిపోయాక, ‘‘వేటకి వెళ్ళుంటాడులే. వాళ్ళ పని మన చేతుల్లో ఉంటుందా?’’ అన్నాను, ఆ అమ్మాయిని సముదాయించడానికి.

‘‘వేటకి కాదు మేడమ్’’ అంది ఖాళీ చాప చుట్టపెడుతూ. ‘‘నిన్న సాయంత్రం మళ్ళీ వెళ్ళి అడిగాను, అయినా వస్తాడేమోనని చాప వేశాను. సముద్రంలో గాలివానకి కూడా భయపడడట. ‘సిన్నపిల్లల మద్దిన కూకోవాలంటే మాత్రం సేతులు వణుకుతాయమ్మా’ అన్నాడు.’’